మొదటి దెబ్బ టైరుకి

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు ఇక్కడ ఖతర్‌లో, ఇండస్ట్రియల్ ఏరియాలో పంక్చర్ దుకాణం ముందు నిలబడి ఉండగా తెలిసింది. చెప్పినవాడు ఉస్తాద్ లాగే కామారెడ్డి వైపు మనిషి, క్రేన్ ఆపరేటర్. ఊరి నుంచి ఆ ఆపరేటర్ అన్న ఫోన్ చేసి చెప్పాడట.

"ఎట్ల పోయినాడు?" అన్నాను.

"నిద్రల్నే పోయిండు. పొద్దుగాల చాయ్‌కి లేపితే లేవలే."

అంటే మోత లేకుండా పోయాడన్నమాట. బతుకంతా మోతల్ని పరీక్ష చేసినవాడికి ఇంతకంటే మంచి చావేముంటుందని ఒక జోకు నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. అంతలో దుకాణంలో గాలి ఎక్కువైన ట్యూబు ఒకటి ఢామ్మంది. అందరూ అటు చూశారు. నేను మాత్రం తల దించుకుని నా చేతివేళ్ళు లెక్కపెట్టుకున్నాను. పదీ ఉన్నాయి.

అది ఆయన పట్టించిన జబ్బు.

మాది తుపాకులు బాగుచేసే దుకాణం. లైసెన్సు, గోడ మీద పెద్ద పెద్ద కాగితాలు, అన్నీ సక్రమం. నేను డ్రైవర్ని. అంతకుముందు ఒక ఇంట్లో హౌస్ డ్రైవర్‌గా చేసేవాణ్ణి. కారుకు దిష్టి తగలకూడదని అద్దం దగ్గర నిమ్మకాయ, మిరపకాయలు కట్టాను. ఆ ఇంటాయన మంచివాడే గానీ, ఇలాంటివి తమ దీన్‌లో, అంటే మతంలో, మహా పాపమని గంటసేపు క్లాసు పీకాడు. ఏడో తరగతి తర్వాత నేను కూర్చున్న క్లాసు అదొక్కటే. ఆ నెలలోనే ఈ దుకాణానికి మార్చారు.

ఇక్కడి పాత ఇళ్ళల్లో తాతలనాటి మిలిటరీ తుపాకులుంటాయి. త్రీ నాట్ త్రీ అంటే మన ఊళ్ళలో అందరికీ తెలిసిందే. జాతరకు బందోబస్తుకొచ్చే కానిస్టేబుల్ భుజాన ఉండేది. ఆయన దాన్ని మోసేవాడో, అది ఆయన్ని మోసేదో చెప్పడం కష్టం. ఒక్కో తూటాకీ బోల్టు వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి మడవాలి. ఆ తుపాకీలో పట్టే తూటాలు ఇప్పుడు దొరకడం కష్టం. దొరికినవి మా తాత వయసువి. అందుకని జనం తుపాకీని అలాగే ఉంచి, గొట్టం మార్పించి, ఈ కాలపు తూటా పట్టేటట్టు చేయించుకుంటారు. ఆ పని చేసేది ఉస్తాద్ ఒక్కడే.

"గొట్టం మార్చుడు పెద్ద పని గాదు," అనేవాడు. "తూటా కూసునే గది సక్కగుండాలె. కొత్త తూటా అంటే కొత్త అల్లుడు. పాతోనికంటె జోరు ఎక్కువ. గది వెంట్రుకంత ఎక్కువైనా ఇల్లు పీకి పందిరేస్తడు."

గది ఎక్కువైతే తూటా వెనకభాగం చిరిగి, మంట ముందుకు పోకుండా వెనక్కి వస్తుంది. వెనక ఉండేది మనిషి మొహం.

ఆయన ఊళ్ళో ఉన్నప్పుడు కుట్టుమిషన్లు బాగుచేసేవాడట. ఆ బుద్ధి ఎక్కడికీ పోలేదు. దుకాణంలో కుర్చీలున్నా కుట్టుమిషన్ స్టూలు మీదే కూర్చునేవాడు. "రెండూ ఒక్కటే తమ్మీ. దాంట్ల సూది ఇరిగితే బట్ట చినుగుతది, దీంట్ల ఇరిగితే మొఖం చినుగుతది" అనేవాడు. కుడిచేతి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచేవాడు. ఇనుము మీద ఆ గోరు గీస్తూ పోయి ఎక్కడో ఆగేవాడు. నాకు ఏమీ కనబడని చోట ఆయనకు గుంట తగిలేది. బోల్టు సరిపోయిందో లేదో చూడ్డానికి రెండు ఇనుప గేజులుండేవి. ఒకదాని మీద బోల్టు మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. వాటిని వేసి చూసేటప్పుడు ఉస్తాద్ కళ్ళు మూసుకునేవాడు.

"నిద్రొస్తాందా ఉస్తాద్?" అన్నానొకసారి.

"చెవుతోని ఇంటున్న. నువ్వు నోరు మూస్తె ఇంకా మంచిగ ఇనొస్తది."

మేమంతా అది పనితనం అనుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే గొప్పగా చూపించేవాణ్ణి, చూడండి, కళ్ళు మూసుకుని చేస్తాడు మా ఉస్తాద్ అని.

"అయింది" అన్నమాట ఆయన నోట ఎవరూ వినలేదు. యజమానులు ఫోన్ చేసి అయిందా, అయిందా అంటే, "అయిందని నేను జెప్పొద్దు సాబ్, అదే జెప్పాలె" అనేవాడు. అది చెప్పేది మంగళవారం. మంగళవారం మంగళవారం నేను బండి తీస్తే ఇద్దరం అనుమతి ఉన్న కాల్పుల రేంజికి పోయేవాళ్ళం. అక్కడ పాత లారీ టైరొకటి ఉండేది. తుపాకీని ఆ టైరులో తాళ్ళతో బిగించి, ట్రిగ్గర్‌కు నైలాన్ తాడు కట్టి, తాడు కొస పట్టుకుని గోడ వెనక్కి పోయేవాడు. "మొదటి దెబ్బ టైరుకి. దానికి పెండ్లాం లేదు, పిల్లల్లేరు" అని లాగేవాడు. ఢామ్మన్నాక ఒక్కటే మాట: "వేళ్ళు."

వేళ్ళు లెక్కపెట్టుకుని చెప్పాలి. గోడ వెనక ఉన్నా సరే.

"పదకొండున్నాయి ఉస్తాద్."

"ఒకటి తక్కువైన్నాడు జెప్పు గీ మజాకు."

మూడు దెబ్బలు టైరువి. ప్రతి దెబ్బ తర్వాతా ఖాళీ ఇత్తడి డొప్పను తీసి, మెడలో తాడుకు వేలాడే భూతద్దంలో చాలాసేపు చూసేవాడు. డొప్ప అడుగున చుట్టూ మెరుపు గీత కనిపిస్తే గది తప్పినట్టు. ఇంకో దెబ్బకో, ఆ పై దెబ్బకో అక్కడే చిరుగుతుందన్నమాట. గీత లేకపోతే నాలుగో దెబ్బ ఆయనదే. కట్టుడు పళ్ళు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, తుపాకీ కర్రకు తన చెంప ఆనించి పేల్చేవాడు. పళ్ళెందుకు తీస్తావంటే, "చెంప ఖుదా ఇచ్చిండు. పళ్ళు నేను కట్టిచ్చుకున్న" అన్నాడు. ఆ తర్వాతే గొట్టం మీద కొత్త తూటా పేరు కొట్టేవాడు.

ఇక నా ఘనకార్యం.

గొట్టం మార్చిన తుపాకీ బోల్టు పిడికి ఉస్తాద్ ఎర్ర దారం కట్టేవాడు. మంగళవారం దారంతో పోయిన తుపాకులు దారం లేకుండా తిరిగొచ్చేవి. మా కడప వైపు దర్గాకు పోయి దారం కట్టించుకోని ఇల్లుండదు. హిందువులమైనా మాకూ అంతే. పరీక్షకు దారం, కాన్పుకు దారం. పని జరిగాక విప్పేస్తారు. ఉస్తాద్ కూడా మంచి జరగాలని కడుతున్నాడని నేనే అర్థం చేసుకున్నాను. అర్థం చేసుకుని ఊరుకున్నా బాగుండేది.

ఆ గురువారం ఉస్తాద్ నమాజుకు పోయి, అటే భోజనానికి పోయాడు. అల్ తుమామాలో ఉండే ఖతరీ యజమాని ఒకడు, నలభై ఏళ్ళవాడు, వాళ్ళ తాతగారి తుపాకీ కోసం వచ్చాడు. ఊరి బయట వాళ్ళకొక మజ్రా ఉంది, అంటే ఖర్జూరపు తోట, మేకల దొడ్డి. సాయంత్రం అసర్ నమాజు కాగానే తన తండ్రి మనవళ్ళ ముందు ఆ తుపాకీ పేలుస్తాడని, తన తండ్రికి అది ఆయన తండ్రి ఇచ్చిందని, వాళ్ళింట్లో మొదటి దెబ్బ ఎప్పుడూ పెద్దవాడిదేనని సంబరంగా చెప్పాడు. తుపాకీ తుడిచి పెట్టెలో పెట్టడం నా వంతు. ర్యాక్ దగ్గరికి పోతే బోల్టుకు ఎర్ర దారం. నాకు నిమ్మకాయ, మిరపకాయలు గుర్తొచ్చాయి. ఈయన ఈ దారం చూశాడంటే ఉస్తాద్‌కు గంటసేపు క్లాసు తప్పదనుకున్నాను. కత్తెర తీసి కత్తిరించి జేబులో వేసుకున్నాను. మేనేజర్ బోల్టు పిడి వంక మాత్రం ఒకసారి చూసి, కాగితాల మీద సంతకాలు చేయించుకుని ఇచ్చేశాడు.

గంట తర్వాత ఉస్తాద్ వచ్చి ఖాళీ ర్యాక్ ముందు నిలబడ్డాడు.

"గీడ ఉన్నది ఏది?"

"తీసుకోని పోయినారు ఉస్తాద్. ఏం భయపడాకు, ఆయప్ప చూడకముందే నీ దారం తీసేసినా." జేబులోంచి తీసి చూపించాను. భేష్ అంటాడనుకున్నాను.

ఆయన దారం వంక చూడలేదు, నా వంక చూశాడు. "అది నిశానీరా," అన్నాడు. "ఇంకా పేల్చి సూడలేదని నిశానీ."

దారం ఉంటే పరీక్ష కాలేదని, లేకపోతే అయిందని ఆయనకూ మేనేజర్‌కూ మధ్య లెక్క. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. అడగాలని నాకూ తోచలేదు.

యజమానికి ఫోన్ చేశాం. మోగుతోంది, ఎత్తడం లేదు. ఉస్తాద్ మేనేజర్‌తో "ఒక స్క్రూ చూడాలి, పోయొస్తా" అని మాత్రం చెప్పి, నైలాన్ తాడు చుట్ట తీసుకుని నా పికప్ ఎక్కాడు. అసర్‌కు గంట ఉంది, మజ్రాకు గంట దారి.

అంత పొడుగు గంట నేనెప్పుడూ నడపలేదు. కెమెరాలున్న రోడ్డు మీద వేగం ముల్లు ఒక గీత దాటించడానికి లేదు. పక్క సీట్లో ఆయన ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు.

"ముసలాయనకు అద్దాలున్నయా?"

"ఏం అద్దాలు?"

"కండ్లద్దాలు. ఎన్నడన్న సూసినవా ఆయన్ని?"

పోయిన నెల కొడుకుతో దుకాణానికి వచ్చినప్పుడు చూశాను. తెల్ల గడ్డం, వణికే చెయ్యి, కాటుక పెట్టినట్టుండే కళ్ళు. "అద్దాల్లేవు ఉస్తాద్."

ఆయన ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు. నేనే అన్నాను. "గేజు వేసి చూసినావు కదా. నీ పని ఎప్పుడైనా తప్పినాదా? ఏమీ కాదులే."

"తప్పకపోతే టైరెందుకుర?"

మజ్రా గేటుకు తాళం ఉంది. సుడానీ కాపలాదారు కడ్డీల అవతల నిలబడి, అర్బాబ్, అంటే యజమాని, చెప్పకపోతే తియ్యనన్నాడు. నేను బతిమాలాను, ఉస్తాద్ అరబ్బీలో బతిమాలాడు. సరిగ్గా అప్పుడు లోపల ఢామ్మంది.

ఉస్తాద్ గేటు కడ్డీ పట్టుకుని కదలకుండా ఉండిపోయాడు. చెవి లోపలికి పెట్టి వింటున్నాడు. అరుపులు లేవు. మళ్ళీ ఢామ్మంది, వెంటనే ఇంకొకటి.

"అది గాదు," అన్నాడు. "బోల్టు ఇంత జెల్ది తిరగదు. పిట్టల తుపాకీ అది."

కాపలాదారు మా మొహాలు చూసి భయపడ్డాడో, జాలిపడ్డాడో, తాళం తీశాడు.

గుడారం ముందు తివాచీ మీద పది మంది ఉన్నారు. కుర్రాళ్ళు మట్టి పలకలు గాలిలోకి ఎగరేసి పిట్టల తుపాకీతో కొడుతున్నారు. మా తుపాకీ పెద్దాయన ఒళ్ళో ఉంది. ఆయన దాని కర్రను మేకపిల్లను నిమిరినట్టు నిమురుతున్నాడు. పక్కన కొత్త తూటాల డబ్బా, మూత తీసి.

"ఉస్తాద్! తఆల్, తఆల్! గహ్వా తాగు!" అని కాఫీకి రమ్మంటూ కొడుకు లేచాడు.

దారి పొడుగునా నేను రెండు మూడు అబద్ధాలు తయారుచేసి పెట్టాను. నూనె వెయ్యాలని, స్క్రూ వదులైందని. ఉస్తాద్‌కు ఏదీ అవసరం పడలేదు. సలాం చెప్పి, ఇది ఇంకా పరీక్ష కాలేదు, ముందు నేను పేల్చి చూడాలి అని ఉర్దూలో, అరబ్బీలో రెండుసార్లు చెప్పాడు. కొడుకు మొహం మారింది. "పరీక్ష కాకుండా నా తండ్రి చేతికి ఇచ్చావా?" అని హిందీలో అడిగాడు. పెద్దాయన మాత్రం తుపాకీ ఎత్తి ఇచ్చేశాడు.

నా పికప్ స్టెప్నీ విప్పి తెచ్చాను. తుపాకీని అందులో బిగించి, ఇసుకదిబ్బ వైపు తిప్పి, అందర్నీ బండి వెనక్కి పంపి, ఉస్తాద్ తాడు లాగాడు.

ఢాం.

తుపాకీ తుపాకీలాగే ఉంది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. "తమామ్! ఖలాస్!" అని, అంతా బాగుంది, అయిపోయింది అంటూ కొడుకు నవ్వాడు. పెద్దాయన చేతులు చాపాడు, ఇక ఇవ్వు అన్నట్టు. మిగతా రెండు దెబ్బలకు ఆగేటట్టు ఎవరూ కనిపించలేదు.

ఉస్తాద్ బోల్టు లాగి, డొప్ప తీసి, భూతద్దం పెట్టి చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి, సూర్యుడి వైపు పెట్టి చూశాడు. గోరు పెట్టి గీశాడు. తర్వాత నా పక్కకు వచ్చి, నవ్వుమొహంతోనే, తెలుగులో అన్నాడు:

"గోరుకు ఏం తగుల్తలేదు. నువ్వు సూడు. అడుగున గీత ఉన్నదా?"

"నువ్వు చూసినావు కదా."

"నాకు కనపడ్తలేదు."

"అద్దం పెట్టినా?"

"అద్దం పెట్టినా. రంజాన్ కాణ్ణుంచి గిట్లనే ఉన్నది. ఎవ్వల్కీ జెప్పలే."

డొప్ప నా అరచేతిలో ఇంకా వెచ్చగా ఉంది. అడుగు నుంచి వేలెడు మందం పైన, వెంట్రుకంత సన్నగా, చుట్టూరా మెరుపు గీత. అద్దం లేకుండానే కనిపిస్తోంది.

చుట్టూ ఉన్నవాళ్ళలో మా మాట తెలిసినవాడు ఒక్కడు లేడు. లేదని ఒక్క మాటంటే చాలు. మంగళవారం ఎలాగో వెనక్కి తెప్పించి సరిచేయించొచ్చు. ఉస్తాద్ పని నిలుస్తుంది. నా దారం సంగతి ఎవరికీ తెలియదు. గహ్వా తాగి పోవచ్చు. మంగళవారం దాకా ఏమీ కాకపోతే. పెద్దాయన ఇంకా చేతులు చాపే ఉన్నాడు.

"ఉంది ఉస్తాద్."

"సగమా, మొత్తమా?"

"మొత్తం. చుట్టూరా ఉంది."

"మజాకు గాదు గద?"

నన్ను ఆ మాట అడగాల్సి వచ్చిందని ఆయన మీద నాకు కోపం రాలేదు. నా మీదే వచ్చింది. "మజాకు కాదు ఉస్తాద్. అమ్మ తోడు."

"అచ్ఛా," అన్నాడు. అంతే.

పెద్దాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, గది తప్పు చేశాను, గల్తీ నాది, దీన్ని పేల్చవద్దు అని చెప్పాడు. కొడుకు అరుస్తున్నాడు. ఇన్నేళ్ళ ఉస్తాదువి, ఇదేనా పని అని, నీ మేనేజర్‌తో మాట్లాడతానని. పెద్దాయన చెయ్యెత్తితే ఆగాడు. ఆయన ఒకటే అడిగాడు: తప్పని తెలియకపోయినా సరే, పరీక్ష కాకుండా దుకాణం ఎలా దాటింది?

నేను నోరు తెరిచాను. ఉస్తాద్ నా కాలు మీద తన కాలు వేసి తొక్కాడు.

"నిశాన్ కట్టడం మర్చిపోయాను," అన్నాడు. "అదీ నాదే."

పెద్దాయన ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. నా మొహంలోకి కూడా కాసేపు చూశాడు. తర్వాత తుపాకీలోంచి బోల్టు తనే లాగి, రుమాల్లో చుట్టి ఉస్తాద్ చేతిలో పెట్టాడు. బోల్టు లేని తుపాకీ ఉత్త కర్ర. ఇంటి గోడకు వేలాడదీసుకోవచ్చు.

శనివారం నేను మేనేజర్ దగ్గరికి పోయి దారం కత్తిరించింది నేనేనని చెప్పాను. చెప్పే ధైర్యం ఎలా వచ్చిందో తెలియదు గానీ, దానితో పనేమీ జరగలేదు. "తనను కాపాడమని ఉస్తాద్ చెప్పాడా, ఉస్తాద్‌ను కాపాడదామని నువ్వే వచ్చావా?" అని ఆయన నవ్వాడు. రోజూ జోకులేసేవాడి మాట అంతే. పై నెల ఉస్తాద్‌ను కంటి డాక్టరు కాగితంతో సహా ఊరికి పంపించారు.

అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం మజ్రా నుంచి మెయిన్ రోడ్డు వైపు బండి తిప్పాను. బోల్టు మూట ఆయన ఒళ్ళో ఉంది. రోడ్డెక్కాక అన్నాడు:

"ముంగట బోర్డు ఏదో వస్తున్నట్టుంది. ఏం రాసుంది?"

ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని ఒక్కసారి అడగలేదు. చదివాను. అల్ వక్రా, అని. దాని తర్వాతది అడిగాడు, దాని తర్వాతది కూడా. నాది ఏడో తరగతి ఇంగ్లీషు. బండి నెమ్మది చేసి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చెప్పాను. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టారు. కొన్ని బోర్డులు నాకు కూడిరాలేదు. అక్కడ "ఇది రాలేదు ఉస్తాద్" అన్నాను. ఆయన తలూపాడు. ఇండస్ట్రియల్ ఏరియా వచ్చేదాకా నేను ఒక్కటి కూడా ఊహించి చెప్పలేదు.